ధనిష్ఠ గదికి చిలకల కాగితం

గుమ్మానికి అడ్డంగా కట్టిన రేగుకంపను వెంకటనారాయణ కొడవలితో కోసి పెరట్లో పారేశాడు. కంప ఎప్పుడో ఎండిపోయింది. అయినా ముళ్ళు ముళ్ళే కదా, బొటనవేలు గీరుకుపోయింది. వేలు చప్పరించుకుంటూ మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి విప్పి, గది తలుపు తెరిచాడు.

ఆ గదిలోనే అతని భార్య నాగలత పోయింది. మిరపకోతలు మొదలైన రోజుల్లో, చలి ఇంకా వదలని ఒక ఉదయం. శవం ఇంకా ఇంట్లో ఉండగానే పురోహితుడు వేళ్ళు మడిచి లెక్కవేసి పెదవి విరిచాడు. "ధనిష్ఠ నక్షత్రం. ఆరు నెలలు ఇల్లే పాడుపెట్టాలి. అంత కుదరదంటారా, కనీసం ఆ గదైనా మూసేసి గుమ్మానికి కంప కట్టండి. లోపల దీపం పెట్టకూడదు, మనిషి పడుకోకూడదు" అన్నాడు. ఆ రోజు వెంకటనారాయణ ఎవరేం చెప్పినా చేసే స్థితిలో ఉన్నాడు. కంప కట్టమంటే కట్టాడు. తాళం వేయమంటే వేశాడు. అప్పటి నుంచి వసారాలో మడతమంచం మీద పడుకుంటూ, పొద్దున్నే లేచి టేకులపల్లి బజారులో తన ఎరువుల కొట్టు తెరుచుకుంటూ కాలం గడుపుతున్నాడు.

ముందురోజు సత్తుపల్లి నుంచి కూతురు రాజ్యశ్రీ ఫోన్ చేయకపోతే ఆ కంప అలాగే ఉండేది.

"నాన్నా, పురుడు ఇక్కడే పోస్తానంటోంది మా అత్తయ్య. తల్లీ లేదు, గదీ లేదు, ఇంకెక్కడి పుట్టిల్లంటోంది."

"నువ్వేమన్నావు?"

"మన ఇంటికే వస్తానన్నాను. అమ్మ గదిలోనే ఉంటానన్నాను." కొంచెం ఆగి అడిగింది. "నీకు భయమా నాన్నా?"

వెంకటనారాయణ కంప కట్టిన గుమ్మం వంక చూశాడు. ఇంట్లో ఉన్నవి ఒక హాలు, ఒక వంటిల్లు, ఈ గది. పచ్చి బాలెంతరాలు బిడ్డతో పడుకోవడానికి గాలీ వెలుతురూ ఉండి, పక్కనే స్నానాలగది ఉన్నది ఇదొక్కటే. దీన్ని మూసిపెడితే కూతురికి పుట్టిల్లు మూసినట్టే. తొలిచూలు పిల్ల పుట్టింటికి రావడానికి దారి లేకుండా తనే ముళ్ళకంప కట్టుకుని కూర్చున్నాడు.

"రేపు కంప కోసేస్తా. నువ్వు రా" అన్నాడు.

తీరా తలుపు తెరిచాక గది మొహం చూడలేకపోయాడు. కిటికీ పక్క గోడకు చెమ్మ దిగి మ్యాపులా మరక కట్టింది. మంచం తలవైపు గోడ మీద మందుల చారలు. సాలెగూళ్ళు. ఈ గదిలోకి పసిబిడ్డను తెచ్చేదెలా?

పెయింటర్ మోతీలాల్‌ను పిలిపించాడు. అతను గేటు దాటలేదు.

"సార్, ఇంటికి బయట ఎంతన్నా రంగేస్త. లోపల హాల్ గిట్ల చెయ్యమన్నా చేస్త. ఆ రూముల మాత్రం కాలు వెట్ట. నా పెండ్లాం నన్ను ఇంట్లకు రానియ్యదు."

"ఆరు నెలలు కాలు పెట్టకూడదని నీ పెళ్ళాం చెప్పిందా, పంతులు చెప్పాడా?"

"ఎవలు చెప్తె ఏంది సార్, అన్నం వెట్టేది మా ఆమెనే గద."

ఇంకో ఇద్దరిని కదిపి చూశాడు. ఒకరికి ఒళ్ళు నొప్పులు, ఒకరికి మణుగూరులో పని. ఆ సంగతి విని రాజ్యశ్రీ ఫోన్లోనే నవ్వింది. "మంచిదేలే. నాకు రంగు వాసన పడట్లేదు. వాల్‌పేపర్ అంటించు నాన్నా. మనిషి అక్కర్లేదు, నువ్వే చేసుకోవచ్చు. వీడియోలు పంపిస్తా." కాగితం కూడా తనే ఫోన్లో ఎంచుకుంది. లేత మీగడరంగు మీద పచ్చని తీగలు, తీగల మధ్య చిలకలు.

వెంకటనారాయణ బి.ఎస్సీ. చదివాడు. వృక్షశాస్త్రంలో మంచి మార్కులే వచ్చాయి. గోడకు అంటించిన అనుభవం మాత్రం కొట్లో విత్తనాల కంపెనీ క్యాలెండరు వరకే, అదీ మేకుకు తగిలించేది.

కాగితం చుట్టలు వచ్చిన రోజు సాయంత్రం గోరి వచ్చింది. గోరి పక్క తండా మనిషి, ఆశా వర్కరు. నాగలత మంచం పట్టిన రోజుల్లో మందూ మాత్రా చూసినది ఆమే. ఒక చుట్ట విప్పి చూసి ముక్కున వేలేసుకుంది.

"ఏంది సార్ ఇది! మక్కచేన్ల చిలకలు పడితే డబ్బాలు కొట్టి కొట్టి తరుముతం మేము. మీరు పైసలిచ్చి ఇంట్లకు తెచ్చుకున్నరా?"

"ఇవి తినవులే గోరీ."

"తినయి గని, గోడకు నిలుస్తయా?"

నిలుస్తాయనే అనుకున్నాడు. వీడియోలో ఒకావిడ చీర కొంగు దోపుకుని, పాట పాడుకున్నంత సులువుగా గోడంతా అంటించేసింది. మర్నాడు అతనూ మెయిన్ ఆపాడు. స్విచ్‌బోర్డు మూతలు విప్పాడు. గోడ ఎత్తు కొలిచి, పైనా కిందా నాలుగు వేళ్ళ మేర ఎక్కువ ఉంచి కాగితం కోశాడు. జిగురుపొడి బకెట్లో కలిపి గంజిలా చిక్కబడేదాకా కర్రతో తిప్పాడు. కాగితం వెనకంతా బ్రష్షుతో పూసి, జిగురు వైపు లోపలికి మడిచి కాసేపు నాననిచ్చాడు. స్టూలెక్కి పైనుంచి అంటించుకుంటూ, నడిమి నుంచి అంచులకు గుడ్డతో నిమురుకుంటూ దిగాడు. చీకటి పడే వేళకు కిటికీ ఎదురుగోడ అంతా చిలకలతో నిండింది. బుడగలు లేవు, ముడతలు లేవు. కాళ్ళు చాపుకుని నేల మీద కూర్చుని, చాలా రోజుల తర్వాత ఆకలవుతోందని గమనించాడు.

తెల్లారి పాలు పోయడానికి వచ్చిన జంపక్క తెరిచి ఉన్న కిటికీలోంచి తొంగిచూసి, "అయ్యో సార్!" అని కేకేసింది. కాగితమంతా ఊడి, చాపచుట్టల్లా మంచం మీదా నేల మీదా పడి ఉంది. గోడ బోడిగా నిలబడి ఉంది.

ఊళ్ళో వార్తకు కాళ్ళుండవంటారు, చక్రాలుంటాయి. పదిళ్ళలో పాలు పోసేసరికి కబురు పదిళ్ళకూ చేరింది. అతను కాఫీ కాచుకునే లోపే సత్తుపల్లిలో వియ్యపురాలు పద్మావతమ్మకూ చేరిపోయింది.

"అన్నయ్యగారూ, కాగితం ఊడిపడిందట కదా" అంది ఫోన్లో. గొంతులో ఎత్తిపొడుపు లేదు. భయం ఉంది. "నేను చెప్పానా? వదిన ఒప్పుకోవడం లేదండీ. ఆ గది కదపొద్దంటోంది. ఇంకా ఎలా చెబుతుంది చెప్పండి, పోయిన మనిషి?"

వెంకటనారాయణ ఫోన్ పెట్టేసి గదిలోకి వెళ్ళి మంచం అంచున కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ ఎవరేమన్నా తట్టుకున్నాడు గానీ ఈ మాట మాత్రం నేరుగా వెళ్ళి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నాగలత వద్దంటోందా? కూతురు రావడం ఆమెకు ఇష్టం లేదా?

కూర్చుని కూర్చుని, ఆమె ఎలా వద్దనేదో గుర్తు తెచ్చుకున్నాడు. పప్పులో ఉప్పెక్కువైతే వచ్చిన చుట్టం మొహం మీదే చెప్పే మనిషి. అతను కొన్న చీర నచ్చకపోతే బజారులోనే వాపసు చేయించిన మనిషి. అలాంటిది అర్ధరాత్రి చడీచప్పుడు లేకుండా కాగితం ఊడదీసి పోతుందా? చచ్చినా అంత మర్యాద నేర్చుకుని ఉండదు.

నవ్వొచ్చింది. వంగి ఒక కాగితం ముక్క తీసి తిరగేశాడు. వెనకంతా తెల్లగా, పిండి అద్దినట్టు ఉంది. గోడ మీద అరచెయ్యి రుద్దాడు. చెయ్యి తెల్లబడింది. ఏళ్ళ తరబడి పొర మీద పొరగా వేసిన సున్నం. జిగురు గట్టిగానే పట్టింది, కాకపోతే గోడను కాదు, సున్నాన్ని పట్టింది. సున్నం గోడను వదిలేసి కాగితంతో పాటు వచ్చేసింది.

ఫోన్ తీసి తనే చేశాడు.

"చెల్లెమ్మగారూ, ఊడదీసింది మీ వదిన కాదండీ. సున్నం. వట్టి సున్నం."

"మీకన్నీ నవ్వులాటలే."

"నవ్వులాట కాదమ్మా. గోడ గీకి మళ్ళీ అంటిస్తాను. మళ్ళీ ఊడితే మళ్ళీ అంటిస్తాను."

పద్మావతమ్మ గొంతు గట్టిపడింది. "అయితే వినండి. ఆదివారం పిల్లను తీసుకుని మేమే వస్తున్నాం. గది చూస్తాను. నా మనసుకు సరేననిపిస్తేనే వదిలివెళ్తాను. లేకపోతే అదే కార్లో వెనక్కి తెచ్చేసుకుంటాను. తర్వాత మీరు నన్నేమీ అనకూడదు."

"రండమ్మా" అన్నాడు.

ఆ రోజు కొట్టు తెరవలేదు. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, గోడ మీద నీళ్ళు చిలకరించి, ఇనుప గీకుడురేకుతో గీకడం మొదలుపెట్టాడు. తెల్లసున్నం కింద నీలిసున్నం, దాని కింద పసుపుపచ్చ. ఏ రంగు ఎప్పుడు వేయించారో అతనికి తెలుస్తూనే ఉంది. గీకిన గారంతా పొలుసులై కాళ్ళ మీద రాలుతోంది. డ్యూటీ అయిపోయాక గోరి వచ్చి, చీరంచు ఎగదోపి ఇంకో రేకు అందుకుంది.

"నువ్వెందుకు గోరీ? ఊళ్ళో నలుగురూ నాలుగంటారు."

"అన్నరు గద సార్. మా అత్త సోమ్లి పొద్దుగాల్నే మొదలువెట్టింది. పిల్లల తల్లివి, ఆ రూముల అడుగు వెట్టకు అన్నది. నేను అడిగిన, లతమ్మ పానం పోయేటప్పుడు ఎవల ఒళ్ళె తల వెట్టుకున్నది? నా ఒళ్ళెనే గద. అప్పుడు కానిది ఇప్పుడేమైతదే ముసల్దానా అన్న."

"ముసల్దానా అన్నావా?"

"మనసుల అన్న." గోరి రేకు ఆపకుండానే నవ్వింది. "బయటికి మాత్రం జల్దీ వస్త అని చెప్పిన."

మంచం తలవైపు గోడ దగ్గరికి వచ్చేసరికి వెంకటనారాయణ చెయ్యి ఆగింది. అక్కడ గుండ్రంగా, ముదురుగా ఒక మరక. కూర్చున్నప్పుడు నాగలత తల ఆనించే చోటు. కొబ్బరినూనె మరక అది. వీడియోలో ఆవిడ చెప్పింది, నూనెమరక మీద కాగితం నిలవదని, నిలిచినా మరక పైకి తేలుతుందని, సబ్బుతో కడగాలని. అతను రేకు పట్టుకుని నిలబడిపోయాడు.

గోరి చూసింది. బయటికి వెళ్ళి, గోరువెచ్చని నీళ్ళలో సబ్బుపొడి కలిపి చెంబుతో తెచ్చి అతని కాళ్ళ దగ్గర పెట్టి, మళ్ళీ బయటికే వెళ్ళిపోయింది. చాలాసేపు రాలేదు. గేటు దగ్గర ఎవరితోనో ఇప్పపువ్వు సంగతి మాట్లాడుతున్నట్టు వినబడుతోంది. వెంకటనారాయణ గుడ్డ ముంచి, పిండి, ఆ మరకను కడిగాడు. నిజానికి ఆ మరకంటే నాగలతకే పడేది కాదు. "దిండు పెట్టండీ, గోడ పాడైపోతోంది" అని రోజూ అనేది. తనే ఎప్పుడూ మరిచిపోయేవాడు.

గోడలన్నీ సిమెంటు తేలేదాకా గీకారు. చెమ్మ దిగిన చోటికి బయటి నుంచి పగులు పూడ్చాడు. గుంటలకు పుట్టీ పెట్టి, ఆరాక గరుకు ఉప్పుకాగితంతో రుద్ది, ప్రైమరు పూసి ఎండనిచ్చాడు. ఆ ఎండలకు గోడ ఒక్క పూటలో పొడిపొడిగా ఆరింది. మార్చి ఎండను అందరూ తిడతారు గానీ ఆ వారం అతను మాత్రం తిట్టలేదు. ప్రైమరు మీద అరచెయ్యి రుద్ది చూశాడు. చెయ్యి చెయ్యిలాగే ఉంది.

రెండోసారి అంటించడం శనివారం మొదలైంది. దారానికి ఇత్తడి తాళంకప్ప కట్టి గోడకు వేలాడదీసి, అది ఊగడం ఆగాక పెన్సిలుతో నిలువుగీత గీశాడు. గీత వెంబడి మొదటి కాగితం నిలబెట్టాడు. దాని పక్కన రెండోది, తీగకు తీగ, రెక్కకు రెక్క కలిపి. మూడోది కూడా అయ్యాక, కింద నుంచి జిగురు పూసిన కాగితం అందిస్తున్న గోరి ఫోన్లో వీడియో మళ్ళీ పెట్టింది.

"సార్, ఈమె తలుపు వెనక నుంచి మొదలువెట్టుమంటుంది గద. చుట్టూ తిరిగొచ్చినంక మొదలు, కొస కలిసే కాడ బొమ్మ కలవదట. అందుకే అది తలుపు చాటుకు రావాలంట. మీరేంది, గుమ్మంలకెళ్ళి చూస్తే ఎదురుంగ కొట్టొచ్చినట్టు కనపడే మూలల మొదలువెట్టిన్రు?"

వెంకటనారాయణ స్టూలు మీద నుంచి మూల వంక చూశాడు.

"ఏ పనైనా ఈశాన్యం మూల నుంచే కదా మొదలుపెట్టేది" అన్నాడు.

అనేశాక అతనికే వినబడింది ఆ మాట. గోరి కాగితం కింద పెట్టి, నడుము మీద చేతులు పెట్టుకుంది.

"నక్షత్రం లేదన్నరు. పంతులు మాట లేదన్నరు. కంప కోసి పెంట మీద ఏసిన్రు. మూల మాత్రం ఉన్నదా సార్?"

ఇల్లు కట్టినప్పుడు మొదటి పార ఈశాన్యంలో వేశారు. బోరు ఈశాన్యంలో తవ్వారు. కొట్లో మొదటి బస్తా కూడా ఆ మూలనే దించారు. ఎవరో పక్కన నిలబడి చెప్పినట్టుగా స్టూలును కాళ్ళే ఆ మూలకు మోసుకెళ్ళాయి. ముళ్ళకంప అయితే కంటికి కనబడింది, కొడవలితో కోశాడు. కంటికి కనబడనివి ఇంకెన్ని ఉన్నాయో ఒంట్లో!

"పీకేద్దాం" అన్నాడు.

"మూడూనా?"

"మూడూ."

తడి ఆరకపోవడం ఒక అదృష్టం. రెండు కాగితాలు మెత్తగా, మాట విన్న పిల్లల్లా ఊడివచ్చాయి. మూడోది స్విచ్‌బోర్డు దగ్గర పట్టుకుని చిలక మెడ దాకా చిరిగింది. ఆ చిరిగినదాన్ని బీరువా వెనక్కి వాడదామని పక్కన పెట్టి, తలుపు వెనక కొత్తగా తాళంకప్ప వేలాడదీశాడు. ఫ్యాను గాలికి తడికాగితం ఎగురుతోందనుకుంటుండగా కరెంటు పోయింది. సాయంత్రం దాకా రాలేదు. చెమట కారుతున్నా గదిలో కాగితం ఒక్కటి కూడా కదలలేదు.

అయినా మూల దగ్గర పోయిన సమయం పోయింది. ఆదివారం పొద్దున గేటు ముందు కారు ఆగే సరికి మూడు గోడలే అయ్యాయి. కిటికీ గోడ ఇంకా ప్రైమరుతో బోసిగా ఉంది.

ముందు అల్లుడు అనిల్‌కుమార్ దిగి, రాజ్యశ్రీకి చెయ్యి అందించాడు. కూతురి పొట్ట చూడగానే వెంకటనారాయణ చేతికున్న జిగురు సంగతి మరిచిపోయి తల నిమిరాడు. "నాన్నా, జుట్టు!" అంటూనే ఆమె అతని భుజానికి ఆనుకుంది. చివర పద్మావతమ్మ దిగింది. పొడుగ్గా, బిగించిన ముడితో, చేతిలో సంచీతో. సంచీ వసారా బల్ల మీద పెట్టి సరాసరి గది దాకా నడిచి, గడప ముందు గీత గీసినట్టు ఆగిపోయింది.

"లోపలికి రండమ్మా" అన్నాడు వెంకటనారాయణ.

"నేను రాను." అక్కణ్ణుంచే గదంతా కలయజూసింది. ఊడిపడిన కాగితం కోసం వెతుకుతున్నట్టుంది, కనబడలేదు. "పని కూడా పూర్తి కాలేదు."

"కాలేదు. ఇవాళ అయిపోతుంది."

"సరే, గోడల సంగతి అలా ఉంచండి. పురుడు ఎవరు పోస్తారు అన్నయ్యగారూ? బాలెంతకాయం నూరడం వచ్చా మీకు? సాంబ్రాణి వెయ్యడం వచ్చా? బాలెంతరాలి నడుముకు గుడ్డ కట్టడం వచ్చా?"

"రాదమ్మా. వాల్‌పేపర్ అంటించడమూ రాదు. మొదటిసారి మొత్తం ఊడిపోయింది. మీకు తెలుసు కదా, నాకన్నా ముందే తెలిసింది."

తలుపు పక్కనున్న గోరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అనిల్‌కుమార్ చెప్పులకేసి చూసుకున్నాడు.

"నడుం కట్టు నేను కడత అమ్మా" అంది గోరి. "దవాఖానల కాన్పు అయినంక రోజూ పొద్దుగాల, మాపు వచ్చి చూస్త. అది నా పనే."

"నీ పని నువ్వు చేస్తావమ్మా, కాదన్లేదు. నక్షత్రాన్ని నువ్వు ఆపుతావా?" పద్మావతమ్మ కోడలి వైపు తిరిగింది. "రాజ్యం, నా మాట విను. కారెక్కు. ఆరు నెలలు గడిచాక నువ్వూ బిడ్డా ఎన్నాళ్ళైనా వచ్చి ఉండండి. మీ నాన్నకి పట్టుదల, అంతే. మగవాళ్ళకేం తెలుస్తుంది?"

రాజ్యశ్రీ గడప మీద చెయ్యి ఆనించి నిలబడింది. ఆయాసపడుతోంది.

"అత్తయ్యా, నేను పుట్టకముందు నుంచీ మా అమ్మ ఈ గదిలోనే పడుకుంది. నాకు జ్వరమొస్తే ఇక్కడే. నా పెళ్ళి ముందురోజు ఇద్దరం తెల్లారేదాకా మాట్లాడుకున్నదీ ఇక్కడే. పోవడానికి ఆమెకు ఒక్క పూటే పట్టింది. అన్నేళ్ళనీ వదిలేసి ఆ ఒక్క పూటనే లెక్కేస్తారా మీరు?"

అనేసి గడప దాటి లోపలికి నడిచింది. మంచం మీద పరిచిన పాత పేపర్లు పక్కకు తోసి, నెమ్మదిగా వెల్లకిలా పడుకుంది. స్ప్రింగు కిర్రుమంది.

పద్మావతమ్మ చెయ్యి గుమ్మం చెక్కను పట్టుకుంది. కాలు మాత్రం లేవలేదు.

"అనిల్ నా మొదటి కాన్పు కాదు" అంది. అది ఎవరితో అంటోందో తెలియనట్టుగా ఉంది. "వాడికి ముందు ఒక పిల్లవాడు. మా పుట్టింట్లోనే కన్నాను. మా తాతయ్య అలాంటి నక్షత్రంలోనే పోయాడు, ఇల్లు వదిలిపెట్టలేదు మా వాళ్ళు. పదకొండో రోజున పిల్లవాడికి ఒళ్ళు కాలిపోయింది. పాలు తాగడం మానేశాడు. కాళ్ళూ చేతులూ కొయ్యబారిపోయాయి."

అనిల్‌కుమార్ తల్లి వంక చూశాడు. ఈ మాట అతను ఇంతకు ముందు విన్నట్టు లేదు.

వెంకటనారాయణ గొంతు తగ్గించి అడిగాడు. "దవాఖానాకి తీసుకెళ్ళారా అమ్మా?"

"ఎక్కడ! బండి కట్టమని ఏడ్చాను. మా నాయనమ్మ వద్దంది. నక్షత్రం పట్టిన బిడ్డకు దవాఖానా ఏం చేస్తుంది, ఊరికే..."

ఆమె అక్కడ ఆగిపోయింది. ఆ మాటను ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు లోపల అనుకుందో గానీ పైకి అనడం, తన చెవులతో తను వినడం ఇదే మొదటిసారి కాబోలు.

వెంకటనారాయణకు జవాబు దొరికింది. చాలా పదునైన జవాబు. నాలుక చివరిదాకా వచ్చింది. ఎదుట ఉన్నామె మొహం చూసి దాన్ని మింగేశాడు. పిల్లవాణ్ణి పోగొట్టుకున్న మనిషితో వాదించి గెలిచేదేముంది?

"చెల్లెమ్మగారూ" అన్నాడు. "ఇక్కడ బిడ్డకు ఒళ్ళు కాస్త వెచ్చబడినా నేను పంచాంగం తియ్యను. కారు తీయిస్తాను. కొత్తగూడెం పెద్దాసుపత్రి అర్ధగంట. అంత వరకే మాటివ్వగలను. గది మాత్రం మళ్ళీ మూయను. పిల్ల వచ్చింది, ఇక్కడే ఉంటుంది. మీరు నన్ను తిట్టినా సరే, బారసాలకు రానన్నా సరే."

"బారసాలకు రానని ఎవరన్నారు?" అంది పద్మావతమ్మ విసురుగా. కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. తర్వాత వెనక్కి తిరిగి వసారాలోకి నడిచింది.

కారు తలుపు చప్పుడు కోసం వెంకటనారాయణ చెవి ఒగ్గి నిలబడ్డాడు. మంచం మీద రాజ్యశ్రీ కూడా తలెత్తి వింటోంది. చాలాసేపటికి వినబడింది గానీ అది కారు తలుపు కాదు. వసారా బల్ల మీద సంచీలోంచి ఏవో డబ్బాలు ఒక్కొక్కటే తీసి పెడుతున్న చప్పుడు.

"రోలు ఎక్కడుంది ఈ ఇంట్లో?" అని కేకేసింది. "శొంఠి, వాము, అన్నీ తెచ్చాను. ఎందుకు తెచ్చానో నాకే తెలీదు. అనిల్, ఆ మడతమంచం ఇటు జరుపు. నేను ఇక్కడే పడుకుంటాను. లోపలికి రాను. కానీ పోను కూడా. పురుడు గడప ఇవతల నుంచే పోస్తాను, ఎవరేమంటారో చూస్తాను."

"మరి నేనెక్కడ పడుకోవాలమ్మా?" అన్నాడు వెంకటనారాయణ.

"హాల్లో పడుకోండి. గోడలు గీకిన మనిషికి నేల గట్టిదా?"

గోరి ఇక ఆపుకోలేక ఫక్కున నవ్వింది. రోలు చూపించడానికి వెళ్తూ, "అవ్ అమ్మా, నేను కూడ గదే అందామనుకున్న" అంది.

అనిల్‌కుమార్ చొక్కా విప్పి కిటికీ ఊచకు తగిలించి లోపలికి వచ్చాడు. గడప దాటేటప్పుడు ఒక్క క్షణం తటపటాయించాడు. వెంకటనారాయణ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. "మామయ్యా, నేనేం చెయ్యాలి?" అన్నాడు అల్లుడు. "స్టూలు పట్టుకో బాబూ. అది కుంటిది" అన్నాడు మామ.

కిటికీ గోడకు కాగితం కోశారు. పూశారు, మడిచారు, నాననిచ్చారు. మంచం మీద పక్కకు తిరిగి పడుకున్న రాజ్యశ్రీ, "పైన చిలక తలకిందులుగా ఉంది నాన్నా" అంటే, మొత్తం తిప్పి మళ్ళీ అందుకున్నారు. వెంకటనారాయణ స్టూలెక్కి కాగితం పైఅంచు గోడకు ఆనించాడు. అంత దగ్గరగా నిలబడితే నిటారుగా ఉందో లేదో తెలియడం లేదు. కిందికి చూస్తే అల్లుడికీ తెలియడం లేదు.

"ఎడమకు పోతోంది" అని గుమ్మం దగ్గర నుంచి వినబడింది.

తిరిగి చూశాడు. పద్మావతమ్మ చేతిలో పొత్రంతో, వేళ్ళకు శొంఠిపొడితో, గడపకు అవతల నిలబడి తల ఒక పక్కకు వంచి గోడ వంక చూస్తోంది.

"ఎంత పోతోందమ్మా? వచ్చి చూపించండి."

"నేను రాను. ఇక్కణ్ణుంచే బాగా కనబడుతోంది." పొత్రం ఎత్తి చూపించింది. "కుడివైపు అంచు కొంచెం పైకి లేపండి. ఇంకొంచెం. అంత కాదు అన్నయ్యగారూ, వేలెడు తగ్గించండి. ఆఁ... అక్కడ. ఇప్పుడు వదలకుండా నొక్కండి."

వెంకటనారాయణ రెండు చేతులూ చాపి నొక్కాడు.